ఖాళీ వదిలిన ఇంటిపేరు

"ఈ గ్లాసులో నాకెందుకు పోశావే?" అంది మా అత్తయ్య, కాఫీని ముట్టుకోకుండా.

గురువారం ఉదయం ఆరున్నర. మిగతా గ్లాసులన్నీ సింకులో ఉన్నాయి. చేతికి అందింది అదొక్కటే.

"శుభ్రంగా కడిగాను అత్తయ్యా."

"కడిగితే పోయిద్దా రాసింది? దాని మీద ఎవరి పేరుందో చూడు."

చూశాను. అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు: తుమ్మలచెరువు పిచ్చియ్య. మా పెళ్ళికి చదివింపుల్లో ఇచ్చిన అరడజను గ్లాసుల్లో మిగిలింది. పదకొండేళ్ళ కిందట రొంపిచెర్లలో ఆ పిచ్చియ్యగారి గృహప్రవేశానికి వెళితే, మా అత్తయ్యను రెండో బంతిలో కూర్చోబెట్టారు. అప్పటికి గోంగూర అయిపోయింది. ఆ రోజు నుంచి ఆ ఇంటిపేరు ఆమె నోట రాదు. మా మామయ్యను వీధి చివరిదాకా వినబడేలా "ధనుంజయరావ్!" అని కేకేసే మనిషి, ఈ పేరు మాత్రం అనదు.

"తాగేది కాఫీ కదా, పేరు కాదుగా అత్తయ్యా."

"అయితే నువ్వే తాగు. నాకక్కర్లా."

కాఫీ ఇంకో గ్లాసులోకి మారింది. చల్లారిందని వేడి చేయించింది. మరీ వేడైందని పక్కన పెట్టి, మళ్ళీ చల్లారాక మళ్ళీ వేడి చేయించింది.

నరసరావుపేట ప్రకాష్ నగర్‌లో మా ఇంటి ముందుగదిలోనే మామయ్య ఏడేళ్ళుగా పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. ఆయన రిటైరయిన హెడ్మాస్టరు. అక్షరం కనబడితే పైకి చదవకుండా ఉండలేరు, పొట్లం కట్టిన కాగితమైనా సరే. సంబంధాల వివరాలన్నీ పదహారు లావుపాటి నోటుబుక్కుల్లో ఉండేవి. నేను బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. ఆ సర్టిఫికెట్టు బీరువాలో పట్టుచీరల అడుగున ఉండేది. కిందటేడాది, వంట ముగిశాక దొరికే మధ్యాహ్నాల్లో ఆ నోటుబుక్కులన్నిటినీ డేటాబేస్‌లోకి ఎక్కించి, పీహెచ్‌పీలో ఒక సైటు రాశాను. అమ్మాయి నంబరు కొడితే తగిన అబ్బాయిల పేర్లు వస్తాయి.

వయసు, చదువు, ఎత్తు చూడడం తేలికే. కష్టమైనది ఇంటిపేర్ల సంగతి. ప్రతి ఇంటిపేరుకూ అన్నదమ్ముల వరసయ్యే ఇళ్ళు కొన్ని ఉంటాయి. వాళ్ళకూ వీళ్ళకూ పెళ్ళి కుదరదు. ఆ జాబితా నోటుబుక్కుల్లో లేదు, అత్తయ్య బుర్రలో ఉంది. ఆమె కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని చెబుతుంటే, నేను టైపు చేశాను.

ఆ గురువారమే పదింటికి ముందుగదిలోంచి మామయ్య పిలిచారు. తమ్ముడి కూతురు తేజస్వి వివరాలు ముందురోజే ఎక్కించారు. ఇప్పుడు వెతికితే తెర మీద ఒకటే వాక్యం. ఆయన పైకి చదివారు.

"సరిపోయే సంబంధాలు: సున్నా." కళ్ళజోడు తీశారు. "ఊళ్ళో పిల్లలందరికీ ముప్పై, నలభై చూపిచ్చింది. ముప్పాళ్ళ వారి పిల్లకి సున్నానా? మన ఇంటిపేరుకే దొరకలేదా మగపిల్లలు?"

"చూస్తాను మామయ్యా."

"ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేస్తాడు. ఆలోగా బాగుపడకపోతే గుంటూరు వాళ్ళ యాప్‌లో చేరిపోదామమ్మా సౌందర్యా. ఆదివారం భోజనాల దగ్గర తేలుద్దాం. నీకూ ఈ తలనొప్పి తప్పిద్ది."

ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ నాకు పోయేది తలనొప్పి కాదు, ఆ మధ్యాహ్నాలు. నేను వండింది సాయంత్రానికి మిగలదు. ఈ సైటు మిగిలింది.

శుక్రవారం స్క్రిప్టు తెరిచి ఒకచోట మార్చేసరికి పేజీ అంతా తెల్లగా అయిపోయింది. ఎర్రర్లు కనబడేలా పెడితే ఎనభై నాలుగో లైను అంది. లైను చివర సెమికోలన్ మరిచాను. పెట్టాను. పేజీ వచ్చింది, సున్నా కూడా వచ్చింది. తప్పు చేశావని లైను నంబరుతో సహా చెప్పే స్క్రిప్టుతో నాకు ఇబ్బంది లేదు. అంతా బాగానే ఉందంటూ సున్నా చూపించేది అత్తయ్య అలకలాంటిది. కారణం మనమే వెతుక్కోవాలి.

"ఏంది, ఇంకా కదల్లేదా?" అన్నారు మా ఆయన నాగేంద్రబాబు తలుపు దగ్గర నిలబడి. మాచర్ల నాపరాళ్ళ వ్యాపారం ఆయనది. "నా బండలే నయం. నలుగురు పడితే కదులుతయి."

"మీరు ఐదోవాళ్ళుగా వచ్చి పట్టకపోతే ఇదీ కదులుతుంది."

సైటు డేటాబేస్‌ను అడిగే ప్రశ్న మొత్తాన్నీ బయటకు తీసి, నేరుగా డేటాబేస్‌లో అతికించాను. ఒక్కొక్క షరతూ తీసేస్తూ వెళ్ళాను. వయసు తీసేశాను, సున్నా. దాన్ని మళ్ళీ పెట్టి చదువు తీసేశాను, సున్నా. ఎత్తు, అదీ అంతే. అన్నదమ్ముల ఇళ్ళ షరతు తీయగానే నలభై ఒక్కమంది అబ్బాయిలు బిలబిలమంటూ వచ్చారు.

ముప్పాళ్ళ వారి అన్నదమ్ముల జాబితా తెరిచాను. ఏడు వరుసలు. ఆరింట్లో ఇంటిపేర్లు. ఏడో గడిలో పేరు లేదు, బూడిదరంగులో 'నల్' అని ఉంది, అంటే ఖాళీ.

అప్పుడు గుర్తొచ్చింది. జాబితా చెప్పిన రోజు అత్తయ్య, "ఇంకో ఇల్లుందిలే. ఆ పేరు నా నోట రాదు. అక్కడ ఖాళీ ఒదిలెయ్యి" అంది. మామయ్యను అడిగి నింపుదామనుకున్నాను. పొయ్యి మీద పాలు పొంగాయి. తరవాత మరిచాను. తప్పులో సగం నాదే.

ఖాళీ గడి ఏం చేస్తుందంటే, అందులో ఏ పేరైనా ఉండవచ్చు కాబట్టి, ఫలానా అబ్బాయి ఆ ఇంటివాడు కాదని డేటాబేస్ గట్టిగా చెప్పలేదు. ఎవరి విషయంలోనూ చెప్పలేదు. అందుకని అందరినీ పక్కన పెట్టేస్తుంది.

ఖాళీలను లెక్కలోకి తీసుకోవద్దని ఒక్క ముక్క చేరిస్తే నిమిషంలో పనిచేసేది. కానీ ఆ ఖాళీ వెనక ఒక ఇల్లుంది. వాళ్ళు నిజంగా అన్నదమ్ములైతే, అన్న వరసయ్యేవాణ్ణి తేజస్వికి వరుడిగా చూపించినట్టవుతుంది. పైపైన అతుకేసి వదిలేయడం నాకు నచ్చదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒకే కాఫీని రెండుసార్లు వేడి చేసింది నేను మరిచిపోలేదు.

శనివారం బియ్యం ఏరుతున్న అత్తయ్య దగ్గరికి వెళ్ళాను.

"అత్తయ్యా, ఆ ఏడో ఇంటిపేరేంటి?"

"నా నోట రాదన్నా గదా."

"పోనీ, రాసివ్వండి."

"నా చేతా రాదు."

"సరే అత్తయ్యా" అని, గ్లాసు మీద పేరు పోకుండా మెత్తగా తోమి, తుడిచి, పైఅరలో పెట్టాను.

ఆదివారం గోంగూర పచ్చడి నూరాను, కావాలనే. నలుగురికీ ఒకేసారి వడ్డించాను. మామయ్య రెండో ముద్ద దాకా ఆగారు.

"ఏమ్మా, ఏం తేలింది?"

"దొరికింది మామయ్యా. మనకు అన్నదమ్ములయ్యే ఏడో ఇల్లు ఏదో చెప్పాలి."

"ఏడేంది? మనకు ఆరిళ్ళే."

అత్తయ్య కలిపిన అన్నాన్నే మళ్ళీ కలుపుతోంది.

"ముందు మజ్జిగ తాగండి" అంటూ ఆ గ్లాసు పెట్టాను, అక్షరాలు ఆయన వైపు తిప్పి.

"తుమ్మలచెరువు పిచ్చియ్య" అని చదివారు మామయ్య, స్కూల్లో హాజరు పిలిచినట్టు.

అత్తయ్య చెయ్యి ఆగింది.

"ఆ ఏడో ఇల్లు వీళ్ళేనా అత్తయ్యా?"

"వీళ్ళు మనకు అన్నదమ్ములేంది!" అన్నారు మామయ్య. "మా మేనత్తను ఇచ్చింది ఆ ఇంటికే గదా. అన్నదమ్ములైతే పిల్లనెట్టా ఇస్తాం?"

మా ఆయనకు పొలమారింది. "అమ్మా, గోంగూర ఎయ్యలేదని ఆళ్ళ వరసే మార్చేశావా?"

"గోంగూర కాదురా, బంతి! నవ్వావంటే చూడు, మూసుకుని తిను." అత్తయ్య నా వైపు తిరిగింది. "మన పిల్లలెవరూ ఆ గడప తొక్కకూడదని చెప్పా. ఆళ్ళ ఒక్కళ్ళనే ఆపిద్దనుకున్నా. ఊళ్ళో మగపిల్లలందరినీ ఆపిద్దని నాకేం తెలుసు?"

"పేరు చెప్పుంటే వాళ్ళనే ఆపేది అత్తయ్యా."

లేచి ముందుగదిలోకి వెళ్ళి ఆ ఏడో వరుస తీసేశాను. ఇకపై ఆ గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోకుండా టేబుల్‌ను కూడా మార్చి, ల్యాప్‌టాప్ తెచ్చి మామయ్య ముందు పెట్టాను. నలభై ఒకరిలో ఆరిళ్ళవాళ్ళూ పోగా ముప్పై ముగ్గురు వచ్చారు. ఆయన ఎడమచేత్తో తెర జరుపుతూ పేర్లు పైకి చదువుతున్నారు. నాలుగో పేరు దగ్గర గొంతు తగ్గింది.

"తుమ్మలచెరువు చరణ్. ఎంటెక్. పిచ్చియ్య మనవడు."

అత్తయ్య గోంగూర నాలిక మీద పెట్టుకుని చప్పరించింది.

"ఎత్తెంత?" అంది.

"ఐదడుగుల పదకొండు" అన్నాను.

ఆమె కంచంలో చెయ్యి కడిగేసుకుంది. ఆమె చెయ్యి కడిగాక చెప్పే మాటకు మా ఇంట్లో తిరుగులేదు.

"వినండి. యాప్ లేదు, గీప్ లేదు. ఈ సైటు ఈ ఇంట్లోనే ఉంటది, సౌందర్యే చూసిద్ది. మజ్జానం అంట్లు నాగేంద్రబాబు తోముతాడు."

"నేనేం చేశానే?" అన్నారు మా ఆయన.

"నవ్వావుగా. ఇంక, ధనుంజయరావ్, మీ తమ్ముడికి ఆ కుర్రాడి సంగతి చెప్పు. చూసుకోనీ. కానీ కుదిరిందనుకో, ఆ పిచ్చియ్యకు ముందే చెప్పాల. పెళ్ళిలో మొదటి బంతిలో మొదటి ఇస్తరి నాది."