వెనక వాటా

నా పేరు ఎలీషా. ఏలూరుకి ఉత్తరాన ఉన్న బౌద్ధ గుహల కొండ మీద పద్నాలుగేళ్లుగా కాపలా ఉద్యోగం చేస్తున్నాను. ఉద్యోగం కాంట్రాక్టుదే గానీ, కొండెక్కినవాళ్లలో నా నోటికి జడవని మనిషి లేడు. ఆదివారం వచ్చిందంటే ఒకటే గోల. బిరియానీ పొట్లాలు తెచ్చుకుని స్తూపం గట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. గుహ గోడల మీద మేకుతో పేర్లు గీకుతారు. పాండవులు ఇక్కడే పడుకున్నారటగా అని అడుగుతారు. దేశంలో ఎక్కడ గుహ కనబడితే అక్కడ పడుకోవడమేనా పాండవులకి పని? ఇది రెండు వేల ఏళ్ల నాటి సన్యాసుల కొండ నాయనా, బౌద్ధులున్నారు, జైనులు కూడా ఉన్నారని చదువుకున్నవాళ్లు కొందరంటారు అని చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండేది రాళ్లు పేర్చేవాళ్లని చూస్తే. రాయి మీద రాయి మూడో ఐదో నిలబెట్టి దణ్ణం పెట్టుకుంటే సొంతిల్లు అమరుతుందని జనం నమ్మకం. ఆ రాళ్లెక్కడివి? పాత స్తూపాల ఇటుక ముక్కలే. అందుకని సాయంత్రం ఆఖరి మనిషి దిగిపోయాక కర్ర పట్టుకుని వాటన్నిటినీ పడగొట్టడం నా డ్యూటీలో భాగం. ఇవాళ ఎన్ని ఇళ్లు కూల్చొచ్చారేంటి అని మా ఆవిడ జీవరత్నం రోజూ వెక్కిరిస్తుంది.

తులసి వచ్చింది కార్తీకమాసంలో ఒక మంగళవారం. జనం లేరు. ముప్పై అయిదేళ్లుంటాయేమో, ఒక్కతే వచ్చింది. మెట్ల దగ్గరే చెప్పులు విడిచి, గుండ్రటి గుహ ముందు కూర్చుని ఇటుక ముక్కలు ఏరుకుంటోంది. పోయి కేకలేశాను. రాళ్లు పేరిస్తే ఇళ్లొచ్చేటట్టయితే ఈపాటికి నాకు మూడంతస్తుల మేడ ఉండాలన్నాను. ఆమె లేవకుండా ఇంకో ముక్క ఏరుకుంది. దాంతో నాకు ఇంకా మండింది.

“ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చినవాళ్లమ్మా ఈ సన్యాసులు. వాళ్లని పట్టుకుని ఇల్లిమ్మంటావా? బుద్ధుందా?”

“వదిలేసినవాళ్ల దగ్గరే కదండీ మిగిలుంటాది,” అంది.

 పక్కనే ఉన్న బండ మీద కూలబడి, ఎందుకమ్మా నీకంత అవసరం అని అడిగాను.

వాళ్లది కొల్లేట్లో లంక ఊరు. పోయిన వరదకి ఇల్లు కూలింది. అది సరస్సు హద్దులోకి వస్తుంది కాబట్టి మళ్లీ కట్టుకోవడానికి వీల్లేదన్నారట. భీమడోలు వచ్చి ఒక గది అద్దెకు తీసుకున్నారు. భర్త ముదినేపల్లి అవతల చేపల చెరువుల మీద కాపలా, పదిహేను రోజులకోసారి వస్తాడు. తనూ, అత్త కాంతమ్మా ఉంటున్నారు. కాంతమ్మకి కాలేయం పాడైంది. ఏలూరులో నెల రోజులు చూసి, ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

ఇంటికి అంటే ఏ ఇంటికి? చిక్కంతా అక్కడే వచ్చిపడింది. ఇంటిగలాయన చెడ్డవాడేం కాదట, ముసలామెకి మజ్జిగన్నం కూడా పంపుతాడట. కాకపోతే ప్రాణం పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలి, ఆ తర్వాత ఎవరూ అద్దెకి దిగరు. మామ్మగారికి ఏమన్నా అయ్యేలోపు మీ దారి మీరు చూసుకోండమ్మా అని మెత్తగానే చెప్పాడు. అంతకు ముందు నెల ఎదురింట్లో అద్దెకుండే మనిషి ఆస్పత్రిలో పోతే శవాన్ని లోపలికి రానివ్వలేదట. రోడ్డు మీదే, మురిక్కాలవ పక్కన బెంచీ వేసి పడుకోబెట్టారు. కాంతమ్మ కిటికీలోంచి అంతా చూసింది. అప్పట్నుంచీ ఆమెది ఒకటే మాట: నన్ను రోడ్డు మీద పెట్టకే.

“ఎన్నాళ్లో ఉండదండీ. ఆ నాలుగు రోజులకీ ఓ కప్పు కావాలి,” అంది తులసి.

 ఈ కొండ కిందే మా ఇల్లు, వెనక వాటా ఖాళీగానే ఉంది, మేం చర్చికి వెళ్లేవాళ్లం, మాకు నక్షత్రాల పట్టింపు లేదు అనేశాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఇంట్లో ఒకమాట అడిగి చెబుతానని ఫోన్ నంబరిచ్చాను. ఆమె పేర్చిన మూడు రాళ్లూ వదిలేసి, ఆ సాయంత్రం మిగతావన్నీ పడగొట్టాను. వదిలేస్తానని ఆమెకి మాటిచ్చాను కూడా.

అన్నం తింటూ జీవరత్నానికి సంగతంతా చెప్పాను. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“రమ్మనండి. మీ అమ్మగారు పోయింది ఆ గదిలోనే కదా. మనకేమైంది?”

అయిపోయింది. ఇక నేను ఫోన్ చేసి రమ్మనడమే తరువాయి. కానీ చెయ్యలేదు. మా అమ్మ వేరు, ఊరూ పేరూ తెలియని మనిషి వేరు అనిపించింది. మా అమ్మాయి షారోన్ తొలికానుపుకి వచ్చే వారం రావాలి. పసిగుడ్డు పుట్టబోయే ఇంట్లో పరాయి చావు ఏంటనిపించింది. పట్టింపుల్లేవని ఊరందరికీ చెప్పే పెద్దమనిషినే, ఆ రాత్రి పక్క మీద అటూ ఇటూ దొర్లాను.

బుధవారం తులసి ఫోన్ చేసింది. గదికి సున్నం వెయ్యాలమ్మా, రెండ్రోజులాగు అన్నాను. సున్నమూ లేదు, నా తలకాయా లేదు. గురువారం మళ్లీ మోగితే ఎత్తలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఇంకొన్నాళ్లాగితే ఆ ముసలామే వెళ్లిపోతుంది, నాకీ గొడవ తప్పుతుంది అనుకున్నాను.

శుక్రవారం పదకొండింటికి కొండ గేటు దగ్గర ఆటో ఆగింది. పైన నులకమంచం కట్టి ఉంది. లోపల బియ్యం సంచీ, స్టౌ, కొత్తింట్లో పాలు పొంగించడానికి ఇత్తడి గిన్నె. తులసి ఒళ్లో తల పెట్టుకుని కాంతమ్మ, పసుపు ముద్దలా ఉంది.

రెండ్రోజులాగమన్నాను కదా, ఆమె సరిగ్గా రెండ్రోజులు లెక్కపెట్టుకుంది. రాళ్లు పడగొట్టే మనిషే తన రాళ్లు వదిలేసి ఇల్లిస్తానన్నాక ఇక అనుమానమేముంది అనుకుందట. మాకు ఇల్లు దొరికిందండీ అని చెప్పి భీమడోలు గది ఖాళీ చేసేసింది. ఇంటిగలాయన సంతోషంగా ఆటో కూడా మాట్లాడి పెట్టి, తాళం వేసుకున్నాడట.

కాంతమ్మ కళ్లు తెరిచి, “వచ్చేశామా?” అంది.

“వచ్చేశాం అత్తయ్యా. ఈ కొండ కిందేనంట మన ఇల్లు.”

అప్పుడైనా పదండి అని ఉంటే సరిపోయేది. ఆటో మా ఇంటికి వెళ్లడానికి ఐదు నిమిషాలు పట్టదు. నేనేమన్నాను? ఇంట్లో ఒకమాట అడిగొస్తాను, ఇక్కడే ఉండండి అన్నాను. మోపెడ్ తీసుకుని ఇంటికెళ్లాను. జీవరత్నం ఉపవాస ప్రార్థనకి చర్చికెళ్లింది. అడగడానికి ఎవరూ లేరు, అడగాల్సిందీ లేదు. వెనక వాటా తాళంచెవి గుమ్మం పక్క మేకుకి వేలాడుతోంది. దాన్ని చూస్తూ మెట్టు మీద కూర్చున్నాను. ముప్పావుగంట అలాగే కూర్చున్నాను. దరిద్రుడా, లే అని నన్ను నేను తిట్టుకుంటూనే కూర్చున్నాను.

జీవరత్నం వచ్చి, ఈవేళప్పుడు ఇంట్లో ఉన్నారేంటని అడిగింది. చెప్పాను. ఆమె తాళంచెవి తీసి నా చేతిలో పెట్టి, మంచం వాల్చడానికి వెనక్కి వెళ్లింది.

నేను గేటు దగ్గరికి వచ్చేసరికి ఆటో డ్రైవరు దూరంగా నిలబడి ఉన్నాడు. తులసి ఆటోలోనే ఉంది, అత్త మొహం మీద చీరకొంగు కప్పి. పది నిమిషాలైందన్నాడు డ్రైవరు.

తాళంచెవి ఆమె ముందుకు చాపాను. పదమ్మా, ఇంటికి తీసుకెళదాం, జీవరత్నం అన్నీ సర్దుతోంది అన్నాను. 

“బయట పోయిన మనిషిని ఇంట్లోకి తీసుకెళ్లకూడదండీ,” అంది.

మాకు అలాంటివేం లేవమ్మా అన్నాను. మాకున్నాయండీ అంది. నేను బతిమాలాను. ఆమె తల అడ్డంగా ఊపింది. మా లంక దారి పట్టించమని డ్రైవరుతో చెప్పింది. ఇల్లున్నచోట ఇప్పటికీ మోకాల్లోతు నీళ్లున్నాయి కాబట్టి, భర్త వచ్చేదాకా రోడ్డు కట్ట మీదే పడుకోబెట్టాలట. ఆ మాట ఏడవకుండా చెప్పింది. ఏడ్చింది నేను.

అది చూసి ఆమే నన్ను ఓదార్చింది.

“మీరేం బాధపడకండి బాబాయిగారూ. ఇంట్లో ఆడవాళ్లని అడక్కుండా ఎవరు మాత్రం ఇస్తారండీ? మాకోసం వెళ్లి అడిగారు, ఒప్పించారు. ఎవరు చేస్తారండీ ఈ రోజుల్లో?”

జీవరత్నం మంగళవారమే ఒప్పుకుందని నేను చెప్పలేదు. అవునమ్మా అన్నాను.