పూజలందుకున్న డ్రిల్లింగ్ మిషన్

నేను ఒక డ్రిల్లింగ్ మిషన్ని. చిల్లులు పెట్టడమే నా పని అని నన్ను తయారుచేసిన ఫ్యాక్టరీవాళ్ళు అనుకున్నారు, పాపం. వాళ్ళకు సర్కారు బడి సంగతి తెలియదు.

వృత్తి విద్య కోసమని నన్ను ఈ హైస్కూలుకు పంపారు. రిబ్బను కత్తిరించి, ఫొటోలు దిగి, నన్ను బీరువాలో పెట్టి తాళం వేశారు. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతానట! ఏటా దసరాకు మాత్రం బయటికి తీసి, పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్ళీ లోపల పెట్టేవారు. ఇంత భక్తిగా చూసుకునేవాళ్ళు పని మాత్రం ఎందుకు చేయనిస్తారు?

తొమ్మిదో తరగతిలో మగపిల్లలకు ఎలక్ట్రికల్, ఆడపిల్లలకు కుట్టుపని అని ఎవరో ఎప్పుడో తేల్చేశారు. నూకరత్నం ఒక్కతే ఎదురు తిరిగింది. వైరింగ్ పని నేర్చుకుని తన కాళ్ళ మీద తాను నిలబడాలని ఆ పిల్ల పట్టుదల.

"ఆడపిల్లవి, కరెంటుతో నీకెందుకమ్మా?" అన్నారు హెడ్మాస్టరుగారు.

"మా ఇంట్లో ఫ్యూజు నేనే ఏత్తానండి."

సరే, చేర్చుకున్నారు. చేర్చుకుని ఆ పీరియడు కాస్తా లెక్కల మాస్టారికి ఇచ్చేశారు. మిగిలిన అరాకొరా సమయంలో ఎలక్ట్రికల్ చెప్పే ఏడుకొండలు మాస్టారు బోర్డు మీద నా బొమ్మ గీసి, భాగాల పేర్లు బట్టీ పట్టించారు. పరీక్షకు వచ్చినాయన అవే అడిగారు. నూకరత్నం గడగడా అప్పజెప్పింది. ప్రాక్టికల్స్‌లో నూటికి నూరు! నా స్విచ్చి నొక్కిన పాపాన ఎవరూ పోలేదు.

పదో తరగతి అయ్యాక ఒకరోజు నూకరత్నం సర్టిఫికెట్టు పట్టుకుని మళ్ళీ వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఎలక్ట్రికల్ షాపులో పనికెళ్ళానండి. డ్రిల్లు చేతికిచ్చి గోడకి చిల్లెట్టమన్నారండి. పట్టుకోడం కూడా రాలేదు. రేపొచ్చి పెట్టి చూపిత్తేనే పనంటండి. ఒక్కసారి నేర్పండి."

"నూటికి నూరొచ్చాయి కదమ్మా, ఇంకా ఏం నేర్చుకుంటావు?" అన్నారు హెడ్మాస్టరుగారు. వెటకారం కాదు, ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయారు.

ఏడుకొండలు మాస్టారు మాత్రం తలెత్తలేకపోయారు. బీరువా తాళం తీశారు. నా మూతికి చిల్లు పెట్టే బిట్టు బిగించేసరికి ఆయనకూ ముచ్చెమటలు పట్టాయి. నూకరత్నం నన్ను పట్టుకుని స్విచ్చి నొక్కగానే, ఇన్నేళ్ళ కసి కొద్దీ ఒక్కసారిగా గొంతెత్తి అరిచాను. మాస్టారు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. ఆ పిల్ల వదల్లేదు, పళ్ళ బిగువున నన్ను గోడలోకి దించింది. చిల్లు వంకరగానే పడింది. నాకైతే ఏడుపొచ్చినంత సంతోషం.

"ఎవరక్కడ? స్కూలు గోడ పాడుచేస్తున్నదెవరు?" ఆఫీసు గదిలోంచి హెడ్మాస్టరుగారి కేక.

"ఇంకోటి పెట్టనాండి?" నూకరత్నం నెమ్మదిగా అడిగింది.

మాస్టారు ఆఫీసు గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "పెట్టమ్మా" అన్నారు.