పది కన్నాల పచ్చ ప్లగ్గు

శుక్రవారం పొద్దున్నే బల్ల కిందికి వంగి చూస్తే దర్జీకి ప్లగ్గు కనపడలేదు.

కింద కొట్టు, పైన ఇల్లు. పై వెనక గదిలో బల్ల మీద ఆయన బొమ్మ రైలు ఉంటుంది. బల్ల కింద దాన్ని నడిపించే కంట్రోల్ బోర్డు. బోర్డు అంచున సూదుల్లాంటి కాళ్ళు పది. వాటి మీద కూర్చునే పచ్చ ప్లగ్గుకి పది కన్నాలు, కన్నానికో తీగ. ఇప్పుడు తీగలు పదీ వేలాడుతున్నాయి. ఒక్కోదానికీ అంకె వేసిన కాగితం ముక్క అంటించి ఉంది.

అదే ఆయనకి కొరుకుడు పడలేదు. ఇంత శ్రద్ధగల దొంగ ఎక్కడైనా ఉంటాడా? తీరికున్నవాడు, ఇల్లు తెలిసినవాడు అయ్యుండాలి.

"బుధవారం మీ తమ్ముడొచ్చాడు కదూ?" అన్నాడు భార్యతో.

"వచ్చాడు. కాఫీ తాగి వెళ్ళాడు."

"నువ్వు కాఫీ పెట్టేటప్పుడు ఎక్కడున్నాడు?"

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకునే రకం కాదు మావాడు. ఆ బొమ్మలకి మీరు తప్ప గిరాకీ ఎవరున్నారు?"

గిరాకీ ఉంది. ఆదివారం బొమ్మ రైళ్ళ సంఘం ప్రదర్శన. ఆరేళ్ళుగా స్తంభం వెనక మూల ఇచ్చి, ఈసారి తలుపుకెదురుగా పెద్ద బల్ల ఇచ్చారు. రైలు నడవకపోతే అది మందుల కొట్టాయనకి పోతుంది. ఆయన అప్పుడే వెళ్ళి బల్ల కొలుచుకొచ్చాడని వినికిడి. దర్జీ రైలుకి వంతెన దగ్గర ఆగి ఆయాసపడే అలవాటుందని ఊరంతా చెప్పింది కూడా ఆయనే.

బావమరిది మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. మందుల కొట్లో ఫ్యాను బిగించింది కూడా వాడే. దారం కొన దొరికింది కదా అని దర్జీ మనసులోనే కుట్టేశాడు.

విడిభాగాల కొట్టుకి బయల్దేరాడు గానీ బోర్డు వెంట తీసుకెళ్ళలేదు. పరాయి చేతికిస్తే దాన్నీ మార్చేస్తే? కొట్టంతా గోడల నిండా చిన్న చిన్న సొరుగులు. కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకున్న పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"పచ్చ ప్లగ్గు కావాలండి. పది కన్నాలది. బొమ్మ రైలు బోర్డుకి."

"పిచ్చెంత?" అన్నాడు పెద్దాయన.

దర్జీ చెవులు వేడెక్కాయి. మా బావకి రైలు పిచ్చి అని బావమరిది నలుగురిలో అనే మాటే. అంటే ఇక్కడిదాకా మోశాడన్నమాట.

"నా పిచ్చి నా ఇష్టమండి. మీకు కొలిచి చెప్పాలా?"

"కొలిచి చెప్తేనే మంచిది. మొన్నొకాయన ఇలాంటిదే పట్టుకొచ్చి, చక్కగా కొలిపించుకుని వెళ్ళాడు."

"పొడుగ్గా ఉంటాడా? ఊరికే నవ్వుతాడా?"

"ఆయనేనండి. మీ వాళ్ళా?"

"ముందు ప్లగ్గివ్వండి," అన్నాడు దర్జీ. పెద్దాయన భుజాలెగరేసి, ఎక్కువమంది పట్టుకెళ్ళేది ఇదేనంటూ ఒకటి తీసిచ్చాడు.

ఇంటికొచ్చి పెట్టి చూస్తే మొదటి రెండు కాళ్ళూ కన్నాలకి ఎదురుగానే వచ్చాయి. అయిదో కాలు పక్కకి తప్పింది. పదోది కన్నం దాటి బయటే ఉండిపోయింది. చూడ్డానికి అచ్చు పాతదే. కావాలనే అంటగట్టారు, ఇద్దరూ ఒకటే, అనుకున్నాడు దర్జీ.

"ప్లగ్గుకి పది కన్నాలు, పదకొండోది నా ఇంటికేశాడు మీ తమ్ముడు," అని టేపు మెళ్ళో ఉండగానే మెట్లు దిగాడు.

బావమరిది కొట్లో బల్ల మీద, విప్పిన మిక్సీ పక్కన, సబ్బుపెట్టె మూతలో ఉంది ఆయన ప్లగ్గు. దాని పక్కనే ఇంకోటి, కొత్తది.

"దొరికావురా," అన్నాడు దర్జీ.

"దొరకలేదు బావా, నేనే వద్దామనుకుంటున్నా. కూర్చో."

"మందుల కొట్టాయన ఎంత తినిపించాడు?"

"తలనొప్పి మాత్ర కూడా ఊరికే ఇవ్వడాయన." బావమరిది పాత ప్లగ్గు తిప్పి చూపించాడు. "ఇదిగో, నాలుగో కన్నంలో తీగని బిగించే మర అరిగిపోయింది. తీగ వదులై, వంతెన ఎక్కేటప్పుడు అదురుకి ఊడుతోంది. నీ రైలు ఆయాసం ఇదే. సరిపడేది వెతకాలంటే ఇది చేతిలో ఉండాలి కదా, తీసుకొచ్చా."

"చెప్పి తీసుకురాకూడదూ?"

"చెప్తే ముట్టుకోనిస్తావా? పోయినేడు బోర్డు మీద దుమ్ము ఊదానని నెల్లాళ్ళు మాట్లాడలేదు నువ్వు."

దర్జీ కాస్త తగ్గాడు. అయినా అసలు ముల్లు ఇంకా గుచ్చుతూనే ఉంది. "సరే. మరి ఆ విడిభాగాల కొట్టు పెద్దాయనతో నాకు పిచ్చని ఎందుకు చెప్పావు? మొహం మీదే అడిగాడు, పిచ్చెంత అని. పైగా ఈ పట్టని ప్లగ్గు అంటగట్టాడు," అంటూ దాన్ని జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

బావమరిది తల బల్లకానించి నవ్వాడు. మిక్సీ మరలు రెండు దొర్లి కిందపడ్డాయి.

"పిచ్ బావా, పిచ్. కాలికీ కాలికీ మధ్య దూరం. నీ భాషలో కాజాకీ కాజాకీ ఎడం. ఆయనిచ్చింది మూడున్నర మిల్లీమీటర్లది, నీ బోర్డుది ఇంకో వెంట్రుకవాసి ఎక్కువ. రెండు గుండీలకైతే తెలీదు. పది పెట్టేసరికి చివరి గుండీ చొక్కా బయటుంటుంది."

దర్జీ మెళ్ళో టేపు తీసి జేబులో కుక్కుకున్నాడు. పాతికేళ్ళుగా కాజాలు తీస్తున్న మనిషి. ఆ మాట వాడిచేత చెప్పించుకున్నందుకే ఎక్కువ మండింది.

ఆదివారం కొత్త ప్లగ్గుతో రైలు బయల్దేరింది. మందుల కొట్టాయన చేతులు కట్టుకుని సరిగ్గా వంతెన దగ్గరే నిలబడ్డాడు. రైలు ఆయన ముందునుంచే ఆగకుండా ఎక్కి దిగిపోయింది. ఆయన చేతులు విప్పి పక్క బల్లకి నడిచాడు.

దర్జీ ఊపిరి వదిలాడు. అంతలో పట్టాల మీది బొమ్మ గేటు దగ్గర బుల్లి దీపం ఎర్రగా వెలిగింది. మూడేళ్ళయింది అది వెలిగి. బాగుపడదని ఆయనే వదిలేశాడు.

మెల్లిగా తల తిప్పాడు. "నువ్వు ముట్టుకున్నది ఒక్క ప్లగ్గేనా?"

"ఒక్క ప్లగ్గే బావా," అన్నాడు బావమరిది, చొక్కా భుజాన లేని దుమ్ము దులుపుకుంటూ.