పెట్టెకు నేర్పిన తప్పుడు చూపు

యజమాని శెట్టి లారీ అద్దానికి ఆ నల్లపెట్టె బిగించినప్పటి నుంచీ డ్రైవరు మీరావలికి అన్నం సయించడం లేదు. పెట్టెకు రెండు కళ్ళు. ఒకటి రోడ్డును చూస్తుంది, రెండోది మీరావలి మొహాన్ని చూస్తుంది. మార్కాపురం పలకలు గిద్దలూరుకు తోలి తోలి తల నెరిసిన మనిషిని, పెళ్ళిచూపుల్లో పిల్లను చూసినట్టు అంత చూడ్డమేమిటి?

"మనిషి మెదడు కంటికి కనపడ్డ ప్రతిదాన్నీ పట్టించుకోదు చిన్నాయనా. ఎంత రద్దీలోనైనా అవసరమైన దాని మీదికే చూపు తిప్పుతాది. నీ చూపు యాడ పడతాదో ఈ పెట్టె ఒక నెల చూసి నేర్చుకుంటాది. ఆనక ప్రమాదమొస్తే అదే అరిచి చెప్తాది," అంది పెట్టె తెచ్చిన ఇంజనీరమ్మ అనంతలక్ష్మి నవ్వుతూ. ఆ నవ్వే మీరావలికి నచ్చలేదు.

"అది నేర్చుకున్నాక ఇంక నాతో పనేంది?" అని ఇంట్లో భార్య బాషాబీ దగ్గర రుసరుసలాడాడు. "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న. నా స్టీరింగు లాక్కోడానికే శెట్టి దీన్ని పెట్టించినాడు."

"కోడిగుడ్డు మీద ఈకలు పీకేది మానుకో," అంది బాషాబీ.

మానుకుంటే మీరావలి ఎందుకవుతాడు! పెట్టెకు తప్పుడు చదువు చెప్పాలని కంకణం కట్టుకున్నాడు. మేకలమంద ఎదురైతే ఓరకంట కనిపెట్టుకుంటూనే, మొహం మాత్రం రోడ్డు పక్క నగల కొట్టు బోర్డు వైపు తిప్పేవాడు. ఆటో అడ్డమొస్తే సినిమా పోస్టరు చూసేవాడు. నేర్చుకోవే, బాగా నేర్చుకో అని లోలోపల మురిసిపోయేవాడు. నెలంతా ఇదే వరస.

పెట్టె అరవాల్సిన రోజులొచ్చాయి. కంభం సంతకు అర్ధవీడు గురమ్మ మేకల్ని తోలుకొచ్చి రోడ్డు దాటిస్తోంది. అలవాటుగా మీరావలి మొహం అక్కడి నగల కొట్టు బోర్డు వైపు తిరిగింది. ఈసారి ఓరచూపు కూడా దాంతోపాటే పోయింది. పెట్టె కిక్కురుమనలేదు. గురమ్మ కేక విని బ్రేకు మీద నిలబడ్డాడు. లారీ ఆమెకు జానెడు దూరంలో ఆగింది. ఒక మేకపిల్ల మాత్రం చక్రం కింద పడిపోయింది.

"కళ్ళు యాడ పెట్టుకున్నావు నాయనా!" అంటూ గురమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని ఏడ్చింది.

కబురందుకుని లారీ యజమాని ఉమామహేశ్వర్లు శెట్టి, అనంతలక్ష్మి వచ్చారు. పెట్టె ఎక్కడ చూసిందో అక్కడ ఎర్రగా కనపడుతుందంటూ ఆమె పెట్టెకున్న తెర చూపించింది. ఎరుపంతా నగల కొట్టు బోర్డు మీదే ఉంది, మేకల మీద చుక్క కూడా లేదు. ఆమె మీరావలి వైపు అదోలా చూసింది. పసిగట్టేసిందని అతనికి అర్థమైంది.

శెట్టి కోపమంతా పెట్టె మీదే. "ఈ దిక్కుమాలినదాన్ని పీకెయ్యమ్మా! మా మీరావలి కళ్ళుండగా ఇదెందుకు? నువ్వు బండి తియ్యబ్బా!"

హమ్మయ్య, స్టీరింగు దక్కింది! మీరావలి ఎక్కి కూర్చున్నాడు. ఎదురుగా సంత జనం, ఆటోలు, చంకన పిల్లలతో ఆడవాళ్ళు. చూపు వాళ్ళందర్నీ దాటి బోర్డు మీదికి పోయింది. లాక్కొచ్చాడు. మళ్ళీ పోయింది. ఇంజను ఆపేశాడు.

దిగొచ్చి తాళంచెవి శెట్టి చేతిలో పెట్టాడు.

"పెట్టె తప్పేం లేదు శెట్టిగారూ. తప్పుడు చూపు నేర్పింది నేనే. దానికి నేర్పబోయి నేనూ నేర్చుకున్నా. బండి ఇంకెవరికన్నా ఇయ్యండి. ఈసారి పడేది మేకపిల్ల కాదు."