నాలుగో బోర్డు ఆవిడ చెయ్యి

సాయంత్రం షిఫ్టు దిగేటప్పుడు ఆసుపత్రి లాండ్రీలో అందరూ ఇస్త్రీ ఆవిడ చెయ్యి ఒకసారి పట్టుకుని వెళ్తారు. వాళ్ళ అలసటంతా ఆవిడకి ఎక్కుతుంది, వాళ్ళు తేలిగ్గా మెట్లు దిగిపోతారు. ఎన్నో ఏళ్ళుగా ఇదే వరస. ఇంట్లో మొగుడు చెయ్యి పట్టుకునేదీ అందుకే.

ఆవిడకంటూ మిగిలింది ఆదివారం చదరంగం లీగ్ ఒక్కటే. అక్కడా ఆటకి ముందు చేతులు కలపక తప్పదు కదా! ఎదుటివాడు హుషారుగా కూర్చుంటాడు, ఈవిడ కళ్ళు మూతలు పడుతుంటాయి. నల్లపావులు వస్తే ఎప్పుడూ సిసిలియన్ డ్రాగన్ అనే ఎత్తుగడే. అది కత్తి మీద సాము. చావో రేవో తొందరగా తేలిపోతే ఇంటికెళ్ళి పడుకోవచ్చు.

"అక్కా, వరసగా ఆరు ఆటలు ఓడావు," అన్నాడు జట్టు కెప్టెన్. గడియారాలు బాగుచేసే మనిషి, మెత్తనివాడు. "ఇవాళా పోతే జట్టులో నీ చోటు, నాలుగో బోర్డు, ఇంకొకరికి ఇవ్వాల్సిందే. నన్నేం చెయ్యమంటావు?"

ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడవడానికీ ఓపిక లేదు.

ఆ రోజు ప్రత్యర్థి బస్సు డ్రైవరు. రెండు డ్యూటీలు వరసగా చేసి, ఇరవై నిమిషాలు ఆలస్యంగా పరిగెత్తుకొచ్చాడు. అప్పటికే తన గడియారం నడుస్తుండటంతో చెయ్యి కలపడం మరిచి బంటు జరిపాడు. చాలాకాలానికి ఆవిడ తన అలసటతో మాత్రమే ఆడింది. అది మోయలేనంత ఏమీ కాదని తెలిసి ఆశ్చర్యపోయింది.

పద్దెనిమిదో ఎత్తులో ఏనుగుని ఇచ్చి గుర్రాన్ని తీసుకుంది. తెల్లరాజుకి దిక్కు లేకుండా పోయింది. డ్రైవరు బోర్డు చూస్తూ చూస్తూనే కునుకు తీశాడు. ఇంకో పది నిమిషాలు ఊరుకుంటే అతని టైము అయిపోతుంది, గెలుపు ఆవిడదే. కానీ వేలాడుతున్న ఆ తలని చూస్తూ కూర్చోవడం ఆవిడ వల్ల కాలేదు. పాపం అనిపించింది. చెయ్యి చాచింది.

ఆట మధ్యలో చెయ్యి చాచితే ఓటమి ఒప్పుకున్నట్టే.

"కొంప ముంచావక్కా!" కెప్టెన్ తల పట్టుకున్నాడు.

డ్రైవరు ఉలిక్కిపడి ఆ చెయ్యి అందుకున్నాడు. అతని ముఖం తేటపడింది. రెండు డ్యూటీల రోడ్డంతా ఆవిడ భుజాల మీదికి దిగింది.

"ఒప్పుకున్నట్టేనామ్మా?" ఆటలకి తీర్పు చెప్పే ఆర్బిటర్ పెన్ను తీశాడు.

"ఆవిడ కాదండీ, నేను," అన్నాడు డ్రైవరు, బోర్డు మీంచి కళ్ళు తిప్పకుండా. "మూడు ఎత్తుల్లో నా రాజు పని అయిపోతుంది. ఇందాకట్నించీ చూస్తూనే ఉన్నా. ఇప్పుడు కనపడింది."

అభినందించడానికి జట్టంతా చేతులు చాచుకుంటూ వచ్చింది. అందరికంటే ముందున్న కెప్టెన్ ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వెనకున్నవాళ్ళూ ఒక్కొక్కరే పెట్టుకున్నారు.

"వచ్చే ఏడూ నాలుగో బోర్డు నీదే అక్కా," అన్నాడు.

ఆవిడ అప్పటికే కుర్చీలో నిద్రపోతోంది.