ఫయోమ్ నేర్పిన మర్యాద

ఆవిరి మీద ఉడికిన చేప పళ్లేన్ని రెండు చేతులా పట్టుకుని ఫయోమ్ నదివైపు బల్లల దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దుట తిన్న జిగురన్నం ముద్ద ఎప్పుడో అరిగిపోయింది. బౌద్ధ భిక్షువుల వర్షావాసం ముగిసే పున్నమికి ఇంకా వారం ఉంది. అయినా నోంగ్‌ఖాయ్ ఊరు అప్పుడే నిండిపోయింది. మెకాంగ్ నదిలోంచి పైకి లేచే నిప్పుబంతుల్ని చూడటానికి బాంకాక్ నుంచి బస్సులు దిగుతూనే ఉన్నాయి.

"పళ్లెం వేడిగా ఉంది, జాగ్రత్త, ఖ్రప్. ఇదిగో చింతపండు కారం, ఖ్రప్."

ఆ దేశంలో మర్యాద తెలిసినవాళ్లెవరూ మాటను మొండిగా ముగించరు. మనం అండీ అన్నట్టు చివర ఒక మాట చేరుస్తారు. మన అండీకి ఆడా మగా లేదు. అక్కడ మగవాడు ఖ్రప్ అనాలి, ఆడది ఖా అనాలి. ఎదుటివాణ్ణి గౌరవించాలంటే ముందు నేను ఫలానా అని ఒప్పుకోవాలి. ఔననడానికి కూడా ఆ ఒక్క మాటే చాలు.

ఫయోమ్ పదిహేడేళ్లుగా ఆ హోటల్లో ఖ్రప్ అంటూనే ఉంది. చేరిన కొత్తలో ఒకసారి ఖా అంది. అప్పటి ముసలి యజమాని ఆమెను వాకిట్లో, తింటున్నవాళ్లందరి ముందూ నిలబెట్టి, సరిగ్గా పలికేదాకా ఖ్రప్ అనిపించాడు. మర్నాడు ఆమె జుట్టు కత్తిరించుకుని వచ్చింది. ఇంటికి వెళ్లాక ఆడవాళ్లు కట్టే నేత లుంగీ కట్టుకుంటుంది. తల్లి ఆమెను అమ్మాయ్ అనే పిలుస్తుంది. ఆ తల్లీకూతుళ్లు మాట్లాడుకునే ఈసాన్ పల్లెమాటలో ఈ తోకల గొడవ లేదు. కానీ రోజుకు మూడువందల నలభై బాత్ కూలి వచ్చేది ఇంటి మాటకు కాదు, హోటలు మాటకు.

ఎనిమిదో బల్ల దగ్గర రిన్ నిలబడి ఉంది. రిన్‌రదా పూర్తిపేరు, తనే పెట్టుకుంది. ఇరవై రెండేళ్ల పిల్ల. ఫయోమ్ లాగే తనూ మగపిల్లాడిగా పుట్టిందని వంటింట్లో అందరికీ తెలుసు. బయటివాళ్లలో కొందరు పోల్చుకుంటారు, కొందరు పోల్చుకోరు. యజమానురాలు జే హియాంగ్ మొగుడి జబ్బుతో రెండు నెలలు ఉడోన్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమె తమ్ముడు రిన్‌ను పనిలో పెట్టుకున్నాడు. ఏ బట్టలు వేసుకోవాలో అతను చెప్పలేదు. రిన్ అడగలేదు. ఆడపిల్లల ఎర్రంచు లంగా కట్టుకుని, జడ వేసుకుని వచ్చేసింది.

"ఇంకేం కావాలి తాతా, ఖా?" అంది రిన్.

రిటైరైన బడిపంతులు ఒకాయన, తరచు వచ్చేవాడే, నవ్వాడు. "చాలు తల్లీ. చల్లగా ఉండు." ఆ వెంటనే పక్కనే వెళ్తున్న ఫయోమ్ వైపు తిరిగాడు. "బాబూ, కాస్త ఐసు తెచ్చిపెట్టు."

"ఖ్రప్," అంది ఫయోమ్.

ఆ తల్లీ అనే మాట కంట్లో కారం పడ్డట్టు పడింది. ఈ పెద్దమనిషికి తను ఎన్నేళ్లుగా వడ్డిస్తోంది! ఆయనకు పళ్లు ఊడిన సంవత్సరం చేపముళ్లు తీసి పెట్టింది తను. ఆయన భార్య పోయినప్పుడు కోవెలకు వెళ్లి దణ్ణం పెట్టింది తను. రెండు నెలల క్రితం ఊడిపడ్డ పిల్లకి తల్లీ, తనకి బాబూ. ఆయన తప్పేమీ లేదు. తను చెప్పిందే ఆయన నమ్మాడు. అది తెలిసినకొద్దీ కడుపులో మంట పెరిగింది.

"అక్కా! ఎనిమిదికి ఐసు నేను తెస్తాలే, నువ్వు పన్నెండు చూసుకో!" రిన్ అటునుంచి కేకేసింది.

ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి చూశారు. ఫయోమ్ వంటింటి గుమ్మంలో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఆపింది.

"అందరి ముందూ అక్కా అనొద్దని చెప్పానా లేదా?"

"మరేమనాలి? అన్నా అందామంటే నోరు తిరగట్లేదక్కా."

"ఏమీ అనకు."

పొయ్యి దగ్గర బున్‌తా పెద్దమ్మ గంటె ఆడిస్తూనే పకపకా నవ్వింది. "దానిమీద అరుస్తావేంటే? ఆ పిల్ల ఖా అంటుంటే మావిడిపండు చీకినట్టుంటది. నీ ఖ్రప్ ఉంది చూడు, తలుపుకి గడియేసినట్టే!"

వంటింటి ఆడవాళ్లంతా నవ్వారు. రిన్ కూడా నవ్వింది. ఫయోమ్ నవ్వలేదు. ఐసు పెట్టె మూత తీసి, చేతులు జివ్వుమనేదాకా ముక్కలు తోడుతూ నిలబడింది. ఆ పిల్ల ఏం కోల్పోయింది? జుట్టు కత్తిరించుకుందా? వాకిట్లో నిలబడిందా? తను అన్నీ వదులుకుని తలవంచిన చోట ఈ పిల్ల తలెత్తి నడిచి వచ్చేసింది. అంత సులువే అయితే తను ఇన్నేళ్లు పడ్డది దేనికి?

జే హియాంగ్ ఆ సాయంత్రమే ఉడోన్ నుంచి తిరిగొచ్చింది. గల్లా దగ్గర కూర్చుని, హాలంతా ఒకసారి కలియజూసి ఫయోమ్‌ను పిలిచింది.

"ఆ లంగా కట్టుకున్న కుర్రాడెవరు? మా తమ్ముడికి కళ్లు లేవా ఏంటి?"

"కొత్తగా చేరారు, ఖ్రప్."

"వచ్చేవాళ్లెవరైనా ఏమైనా అన్నారా? దాచకుండా చెప్పు. పండగ రోజులు, నాకు గొడవ వద్దు."

ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. ఫయోమ్ ఎనిమిదో బల్ల వైపు చూసింది. అది అప్పటికే ఖాళీ అయిపోయింది.

"పంతులుగారు కొంచెం నొచ్చుకున్నారు, ఖ్రప్. ఇదేం మర్యాద అన్నారు."

"చూశావా! అనుకున్నాను." జే హియాంగ్ తల ఊపింది. "రేపట్నుంచి ప్యాంటూ చొక్కా. ఆ జడ తీసి టోపీలో దోపుకోమను. మాట నువ్వే నేర్పు. నువ్వెంత పద్ధతిగా ఉంటావు! నిన్ను చూసి ఒక్కరు వేలెత్తి చూపించారా ఇన్నేళ్లలో?"

ఆ మెప్పు తియ్యగా లేదు. అయినా ఫయోమ్ దాన్ని తీసుకుంది.

మర్నాడు హోటలు తెరవకముందు గిన్నెలు తోమే తొట్టి దగ్గర రిన్‌కు పాఠం మొదలైంది. మగచొక్కా భుజాల దగ్గర జారిపోతోంది. ఆ పిల్ల ముఖం రాత్రి ఏడ్చినట్టు ఉబ్బి ఉంది.

"అను."

"ఖ్రప్."

"గొంతు కిందకి దించు. పాట పాడుతున్నావా?"

"ఖ్రప్."

"తలొంచి అనాలి. మళ్లీ."

రిన్ మళ్లీ అంది. ఆ తర్వాత కొళాయి కట్టేసి మెల్లగా అడిగింది. "అక్కా, ఇది అన్న ప్రతిసారీ నీకెలా ఉంటది?"

ఫయోమ్ కొళాయి మళ్లీ తిప్పింది. "అలవాటవుతుంది," అంది. అలవాటు కాలేదని ఆమెకు తెలుసు.

పున్నమికి రెండు రోజుల ముందు, ఆరుగురు మగవాళ్లు పొద్దుటినుంచి బీరు తాగుతూ నది గట్టు బల్ల దగ్గర కూర్చున్నారు. రిన్ బొప్పాయికాయ కోరు తెచ్చి పెట్టి, నేర్పినట్టే తలొంచి ఖ్రప్ అంది. ఒకడు కళ్లు చికిలించి ఆ ముఖం కేసి, చొక్కా కేసి చూశాడు.

"ఏమన్నావ్? మళ్లీ అను."

"తీసుకోండి, ఖ్రప్."

బల్లంతా ఘొల్లుమంది. "ఒరేయ్, వీడి బుగ్గలు చూడండ్రా! ఇంకోసారి అను బాబూ, మా వాడు వినలేదంట!"

"ఖ్రప్."

"గట్టిగా!"

ఫయోమ్ మూడు బల్లల అవతల నిలబడి చూస్తోంది. మొదట ఒక్క క్షణం ఆమెకు హాయిగా అనిపించింది. తెలిసిందా ఇప్పుడు, అనుకుంది. రిన్ ఇంకోసారి అంది. మరోసారి అంది. ఆ పిల్ల గొంతు నిజంగానే కిందకి దిగిపోయింది, అచ్చం ఫయోమ్ నేర్పినట్టు. మెడ కూడా ఫయోమ్ వంచినట్టే వంగింది. ఆ వంపు ఫయోమ్‌కు తెలుసు. ఆ రోజు వాకిట్లో తను అలాగే ఉండి ఉంటుంది. తను నిలబడ్డది ఇప్పుడు ఆ ముసలి యజమాని చోట.

వెళ్లి ఆ బల్ల దగ్గర నిలబడి ఒక్క మాట అనాలనుకుంది. కానీ వెళ్లలేదు. బున్‌తా పెద్దమ్మ గంటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చి, "పిల్లా, లోపలికి రా, చేపలు మాడిపోతున్నాయి," అని రిన్‌ను తీసుకుపోయింది. పోతూ పోతూ ఫయోమ్ వైపు చూసిన చూపులో నవ్వు లేదు.

పున్నమి రోజు సాయంత్రం ఒక్క బల్ల ఖాళీ లేదు. జనం తింటూనే నదికేసి మెడలు సాచి చూస్తున్నారు. పంతులుగారు కూతురినీ అల్లుడినీ వెంటబెట్టుకుని వచ్చారు. జే హియాంగ్ స్వయంగా ఎదురెళ్లి కూర్చోబెట్టింది. రిన్ జిగురన్నం బుట్టలు తెచ్చింది. ఆయన కళ్లజోడు సవరించుకుని చూశారు.

"నువ్వు మొన్నటి అమ్మాయివి కదూ? ఈ వేషం ఏంటి తల్లీ? ఒంట్లో బాగాలేదా?"

రిన్ యజమానురాలి వైపు చూసి, నేల చూపులు చూస్తూ, "బాగానే ఉన్నాను, ఖ్రప్," అంది.

జే హియాంగ్ నవ్వు అతికించుకుంది. "తమరే నొచ్చుకున్నారని విన్నానండి."

"నేనా? నేనెందుకు నొచ్చుకుంటాను? ఈ పిల్ల చక్కగా వడ్డిస్తుందని మా అమ్మాయితో చెప్పి మరీ తీసుకొచ్చాను!"

జే హియాంగ్ తిరిగి ఫయోమ్‌ను చూసింది. రిన్ కూడా చూసింది. ఆ పిల్ల కళ్లలో కోపం కంటే ముందు ఆశ్చర్యం కనిపించింది. ఫయోమ్‌కు కోపమే అయితే బాగుండుననిపించింది.

వంటింటి గుమ్మం పక్కకు పిలిచి జే హియాంగ్ గొంతు తగ్గించింది. "అబద్ధం చెప్పావన్నమాట."

ఫయోమ్ తలొంచింది. "చెప్పాను." ఆమె మాట మొండిగానే ఆగిపోయింది.

"సరే, పోనీలే. నీ అబద్ధం నాకు మంచికే వచ్చింది. ఇవాళ ఒకణ్ణి వదిలేస్తే రేపు పదిమంది వస్తారు లంగాలు కట్టుకుని. నువ్వే సరైనవాడివి ఈ పనికి. వచ్చే నెల నుంచి వడ్డించేవాళ్లందరి మీదా నిన్ను పెద్దగా పెడతాను, రోజుకు నూట యాభై ఎక్కువ. వాడు నోరు జారకుండా చూసుకోవాలి. సరేనా?"

సరేననడానికి ఒక్క మాట చాలు. అది ఫయోమ్ పెదవుల దాకా వచ్చింది కూడా. రిన్ ఖాళీ బుట్టలు ఎత్తుకుని వాళ్ల పక్కనుంచే వెళ్తోంది. ఆ చొక్కా వీపున చెమటతో అంటుకుపోయింది. టోపీ కిందనుంచి జడ కొస జారింది.

"లేదు, ఖా," అంది ఫయోమ్.

పదిహేడేళ్లుగా వాడని మాట గొంతులో సరిగ్గా పలకలేదు. సగం బొంగురుగా, సగం కీచుగా వచ్చింది. బున్‌తా పెద్దమ్మ గంటె ఆగింది.

"ఏమన్నావు?"

"నేను చెయ్యను, ఖా. ఆ పిల్లకి ఇంక నేర్పను."

జే హియాంగ్ ముఖం ఎర్రబడింది. బయట పది బల్లలు చేతులు ఊపుతున్నాయి. "ఈ పూట గడవనీ," అంది పళ్ల బిగువున. "రేపు నువ్వూ వాడూ, ఇద్దరి సంగతీ చూస్తాను." గల్లా దగ్గరికి వెళ్లిపోయింది.

ఫయోమ్ రిన్ వైపు చూసింది. ఏదైనా అంటుందేమోనని ఎదురుచూసింది. రిన్ బుట్టలు కింద పెట్టి టోపీ తీసేసింది. "మొన్న ఆ తాగుబోతులు నాతో ఆడుకున్నారు," అంది. "నువ్వు చూస్తూ నిలబడ్డావు." ఆ మాటకు ముందు గానీ వెనక గానీ అక్కా అని లేదు. నిండు పళ్లెం ఎత్తుకుని బయటికి వెళ్లింది. ఏ బల్ల దగ్గరో ఆ పిల్ల ఖా అనడం వినిపించింది, మెత్తగా, తేలిగ్గా, పుట్టుకతో వచ్చినట్టు. ఇప్పుడు కూడా ఫయోమ్ కడుపులో ఆ పాత మంట ఒకసారి లేచింది. ఆ మంటతోనే ఆమె చేప పళ్లెం చేతికి తీసుకుంది.

పంతులుగారి పక్క బల్ల దగ్గర బాంకాక్ నుంచి వచ్చిన కుటుంబం. "బాబూ, ఇటు!" అని ఒకావిడ చెయ్యెత్తింది.

ఫయోమ్ పళ్లెం దించింది. "వేడిగా ఉంది, జాగ్రత్త, ఖా."

ఆ ఇంటి పెద్ద కోడలు ఫక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యెత్తినావిడ ఎటు చూడాలో తెలియక నది వైపు చూసింది. నదిలో ఇంకా ఏమీ లేవలేదు. ఫయోమ్ చెవులు కాలుతున్నాయి. ఒక్కొక్కటిగా చెంచాలు సర్దింది. తర్వాత నిటారుగా నిలబడి, మెడ వంచకుండా, మళ్లీ అడిగింది.

"ఇంకేం తెమ్మంటారు, ఖా?"