తగ్గిన మూడు మాత్రలు

"గొర్రెలకు సూలు నిలబెట్టే మహాతల్లికి సొంత కడుపు నిలబెట్టుకొనేది చాతకాలేదు" అని మా అత్త శకుంతలమ్మ ఫోన్లో తన చెల్లెలితో చెబుతోంది. నేను పక్కనే కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాను. నాకు వినపడాలనే చెబుతుంది, గొంతు తగ్గించదు. మూడు నెలలుగా ఇదే పాట. పాలు పొంగిపోయినా, నెయ్యి మాడినా చివరికి నా కడుపు దగ్గరికే వస్తుంది. గింజలు ఆమె ముందు పెట్టి, క్యారియర్ కట్టుకుని, మా ఆయన మునిప్రసాద్‌కి చొక్కా ఇస్త్రీ చేసి పెట్టి కాలేజీ బస్సు పట్టుకున్నాను.

పశువైద్య కాలేజీలో నా పరిశోధన గొర్రె గర్భాశయ ముఖద్వారం మీద. ఆ మాట చెప్పగానే మగవాళ్లు ముసిముసిగా నవ్వుతారు. నవ్వనీ. గొర్రెకు ఆ దారి చాలా సన్నం, లోపలంతా మడతల మీద మడతలు. ప్రొజెస్టెరాన్ హార్మోను ఎక్కువగా ఉన్న రోజుల్లో బిగిసిపోతుంది. ఎదకొచ్చినప్పుడు ఈస్ట్రోజెన్ పెరిగి కాస్త మెత్తబడుతుంది. దానికి ప్రోస్టాగ్లాండిన్ మాత్ర తోడైతే వీర్యం గొట్టం నొప్పి లేకుండా లోపలికి పోతుందా అని చూడటమే నా పని. గొర్రె బెదిరితే, గొట్టం పోకపోతే, నేను ఆగిపోతాను. నా విషయంలో అలా ఆగినవాళ్లు లేరు. పిల్లల కోసం వెళ్లిన ఆసుపత్రిలో, బయట తయారుచేసిన పిండాన్ని నా గర్భంలో పెట్టే ముందు, పరీక్ష కోసం ఒకసారి గొట్టం పెట్టి చూసిన డాక్టరమ్మ "దారి బిగువుగా ఉంది, కాస్త వదులుగా ఉండమ్మా" అని విసుక్కుంది. బల్ల అంచు పట్టుకుని పళ్లు బిగించాను. బయటికొచ్చాక మా ఆయన అడిగిన మొదటి మాట, "డాక్టరు సెప్పినట్టు పండుకున్నావా లేదా?"

ఆ వారమే ఏర్పేడు దగ్గర గొర్రెల కాపరులకు నేను పాఠం చెప్పాలి. అందరికీ అర్థమయ్యే తెలుగులో చెప్పడం సాధన చేద్దామని అత్తను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. మాత్రల అట్ట చూపించి "ఇది పెడితే దారి మెత్తబడుతుంది" అన్నాను. పెళ్లయిన ఆరేళ్లలో ఆమె నా మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదలు. ఎంత సంతోషపడ్డానో, పిచ్చిదాన్ని. పాఠం అయ్యాక కూడా ఆ అట్ట వారం పాటు నా బ్యాగులోనే ఉండిపోయింది.

ఆ వారంలోనే నాకు పిండం పెట్టారు. నాలుగో రోజు కడుపులో మెలిపెట్టే నొప్పి, రక్తం. "గొర్రెల కంపులో తిరిగితే యాడ నిలుస్తాది?" అంది అత్త. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బాధపడుతున్నాడనుకుని నేనే ఆయన్ని ఓదార్చాను.

ఇవాళ ప్రయోగం ముగింపు కాబట్టి మా గైడు సారంగపాణిగారు మందులన్నీ సరిచూశారు. మాత్రలు మూడు తగ్గాయి. "ఇంటికేమైనా తీసుకెళ్లావామ్మా రూపశ్రీ? నీకూ ఆ బిగువే కదా సమస్య" అన్నారు. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ సంగతి నేను సెలవు చీటీలో రాసి ఆయన ఒక్కరికే ఇచ్చాను. సిగ్గుతో తల దించుకున్నాను. అంతలోనే మూడు అన్న లెక్క తట్టింది. పిండం పెట్టిన రోజు మొదలు మూడు రోజులు పొద్దున్నే అత్త తన చేత్తో పాలు కాచి ఇచ్చింది. అంతకు ముందు ఎన్నడూ ఇవ్వలేదు. ఆ తర్వాతా ఇవ్వలేదు.

సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి రాగానే గది తలుపు మూశాను.

"నా బ్యాగులో మాత్రలు ఎవరు తీశారు?"

ఆయన బూట్లు విప్పడం ఆపాడు. "అమ్మ అడిగింది, నేనే తీసిచ్చినాను. దారి మళ్లా మూసుకోకూడదని మూడు దినాలు పాలల్లో కలిపింది. మంచికే గదా రూపా."

"అవి కడుపులో ఉన్నదాన్ని బయటికి తోసేస్తాయి."

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"నీకు రక్తం కనిపించిన దినమే ఫోన్లో సూసినాను."

మూడు నెలలు! తల్లి నా కడుపును తిడుతుంటే ఈయన ఎదురుగా కూర్చుని అన్నంలో చారు పోసుకున్నాడు. నేను ఓదారుస్తుంటే ఓదార్పించుకున్నాడు కూడా. ఒక మనిషిని ఇంతగా అసహ్యించుకోగలనని నాకు తెలియదు.

ఆయన నా చేతులు పట్టుకున్నాడు. "అమ్మకు మాత్రం సెప్పద్దు. తన చేత్తోనే పోగొట్టినానని తెలిస్తే ఆమె బతకదు. నువ్వంటే... నీకైతే అలవాటైపోయింది గదా."

ఆమె మీద నాకు జాలి ఉందా అని వెతుక్కున్నాను. కొంచెం ఉంది. సరిపోయేంత లేదు.

చేతులు విడిపించుకుని వంటింట్లోకి వెళ్లి, అత్త ముందున్న పొయ్యి కట్టేశాను.

"అత్తా, ఇట్లా వచ్చి కూర్చో" అన్నాను.